టర్బో తిరిగిన రోజు

"తిరిగిందా వదినా?"

"కదల్లేదు."

ఆమె చూపుడువేలు, ఇంజనులోకి గాలి నెట్టి జోరు పెంచే టర్బో నోట్లో ఉంది. లోపలున్న చిన్న చక్రం రెక్కల్ని వేలికొసతో నెడుతోంది. నాలుగేళ్ళు పోలీసుల స్థలంలో ఎండకు ఎండి, వానకు తడిసిన డీజిల్ కారు అది. చక్రం ఇరుసు తుప్పు పట్టి బిగుసుకుపోయింది.

మరిది కారు కిందనుంచి తల బయటపెట్టాడు. ముక్కు తప్ప ముఖమంతా నల్లటి ఆయిలే.

"గాలి గొట్టంలో ఎలుకలు మూడు తరాలు కాపురం చేసినట్టున్నాయి. వాటిని ఖాళీ చేయించేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది."

ఆమె నవ్వలేదు. "ఎల్లుండి పొద్దున్నే పరీక్ష. ఇది తిరక్కపోతే?"

"తిరుగుతుంది. ఇంకో నాలుగు చుక్కలు వెయ్యి."

ఆయిలు చుక్కలు వేసి మళ్ళీ నెట్టింది. గోరు చిట్లి రక్తం వచ్చింది. పాత గుడ్డకు తుడుచుకుని మళ్ళీ వేలు పెట్టింది.

నాలుగేళ్ళ కిందట ఆమె, భర్త, పసిపాప ఇంటికి వస్తుండగా ఈ కారు సైకిలు మీద వెళుతున్న ఒక పోస్ట్‌మ్యాన్‌ని గుద్దింది. పాపం, అతను అక్కడికక్కడే పోయాడు. బ్రేకు తొక్కినా బండి ఆగలేదని, దానంతటదే దూసుకెళ్ళిందని ఆమె భర్త నెత్తీనోరూ కొట్టుకున్నాడు. ఎవరూ నమ్మలేదు. ఏడేళ్ళు శిక్ష వేసి జైల్లో పెట్టారు.

మరిది మాత్రం నమ్మాడు. మెకానిక్ కదా, ఇలాంటివి చూసినవాడే. టర్బోలో ఆయిలు కారకుండా ఆపే సీలు పోతే ఇంజను తన ఆయిలు తనే తాగేసి పిచ్చెత్తినట్టు పరుగెడుతుంది. తాళం తీసినా ఆగదు. వదినా మరిదీ కాళ్ళరిగేలా తిరగ్గా తిరగ్గా, చివరికి కోర్టు ఒక నిపుణుణ్ణి పంపడానికి ఒప్పుకుంది. షరతు ఒక్కటే. బండి నడవాలి, కానీ టర్బోను విప్పకూడదు, మార్చకూడదు. సీలు పోయిందని తేలితే కేసు మళ్ళీ విచారిస్తారు. తేలకపోతే ఇంకో మూడేళ్ళు జైలే.

అందుకే నెల రోజులుగా షెడ్డులో ఇద్దరికీ తిండీ నిద్రా లేవు. ట్యాంకు కడిగారు, పగిలిన గొట్టాలన్నీ మార్చారు, క్లచ్చి కొత్తది వేశారు. ఈ టర్బో అసలు ఈ కారుది కాదు. ఒకప్పుడు అన్నదమ్ములిద్దరూ సరదాపడి, ఏదో పాత వ్యానుది తెచ్చి బిగించారు. ఆ సరదా ఇలా మెడకు చుట్టుకుంటుందని ఎవరనుకున్నారు!

"నిన్న అన్నయ్య ఏమన్నాడు?" మరిది అడిగాడు.

"ఆ బండి జోలికి పోవద్దన్నారు. తుక్కు కింద అమ్మేయమన్నారు. చువ్వల్లోంచి చేతులు పట్టుకుని బతిమాలారు."

"ఆశ వదిలేసుకున్నాడు వదినా. మనం వదలకూడదు."

"వదలను," అందామె. "లోపం బండిదేనని తేలాలి. తేలకపోతే నేను బతకలేను."

అప్పుడు వేలికింద చక్రం కదిలింది. ముందు గరగరలాడింది, తర్వాత గిర్రున తిరిగింది. ఆమె పెట్టిన కేకకు మరిది లేవబోయి తల బంపరుకు కొట్టుకున్నాడు. ఆ దెబ్బకు ఏడ్చాడో ఆనందానికి ఏడ్చాడో అతనికే తెలియదు.

"ఎక్కి తాళం తిప్పు. నేను ఇంజను దగ్గరుంటా."

"నాకు డ్రైవింగ్ రాదు కదా."

"తాళం తిప్పడానికి డ్రైవింగెందుకు వదినా?"

అయినా ఆమె సీట్లో కూర్చోలేదు. బయటే నిలబడి, కిటికీలోంచి చెయ్యి చాచి తిప్పింది. ఇంజను దగ్గి, పొగ కక్కి, అందుకుంది.

పరీక్ష రోజు వచ్చిన నిపుణుడు పెద్దాయన, మితభాషి. ముందుగా టర్బో గొట్టాలన్నీ శుభ్రంగా తుడిచాడు. తర్వాత గంటసేపు షెడ్డు వెనక రోడ్డు మీద కారును అటూ ఇటూ పరుగెత్తించాడు. టర్బో ఈల వినిపించినప్పుడల్లా ఆమె కళ్ళు మూసుకుంది. తను బాగుచేసిన బండి కళ్ళముందే చెడిపోవాలని మరిది పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి కోరుకున్నాడు.

పెద్దాయన దిగి, గొట్టం విప్పి, లోపల తెల్లగుడ్డ పెట్టి తుడిచి చూపించాడు. గుడ్డ తెల్లగానే ఉంది.

"ఒక్క చుక్క ఆయిలు లేదు. సీలు నిక్షేపంలా ఉంది. ఈ బండి దానంతటది పరుగెత్తే బండి కాదు."

"మరి దూసుకెళ్ళింది కదా సార్!" మరిది అడ్డుపడ్డాడు.

"దూసుకెళ్ళే ఉంటుంది. మీరు పెట్టిన టర్బో దీనికి పెద్దది. యాక్సిలరేటరు తొక్కగానే పలకదు. పలకలేదని ఇంకాస్త తొక్కుతారు. అంతలో టర్బో అందుకుంటుంది, బండి ఒక్క దూకు దూకుతుంది. ఆ కంగారులో బ్రేకనుకుని అదే పెడల్ని ఇంకా అదిమేస్తారు."

"మా అన్నయ్యా? పన్నెండేళ్ళు నడిపాడు సార్ దీన్ని! ఎప్పుడు పలుకుతుందో ఆయన కాలికి తెలుసు."

"అదే బాబూ నాకూ అంతుపట్టనిది. ఇది ఈ బండిని మొదటిసారి నడిపేవాళ్ళు చేసే తప్పు." ఆయన కాగితం మీద సంతకం పెట్టి వెళ్ళిపోయాడు.

మరిది చేతిలో ఉన్న పానాను గోడకేసి కొట్టాడు. "ఒప్పుకోను! మళ్ళీ అర్జీ పెడదాం. ఇంకొకర్ని పిలిపిద్దాం. నువ్వు చెప్పు వదినా, పసిపాపని ఒళ్ళో పెట్టుకుని పక్కసీట్లోనే ఉన్నావు కదా. ఆయన తొక్కింది బ్రేకే కదా?"

ఆమె కిందపడిన పానాను తీసి అతని చేతిలో పెట్టింది.

"పాప మీ అన్నయ్య ఒళ్ళో ఉంది."