శనివారం గండం

"ఈసారి నన్ను సీడ్ చెయ్యకపోతే అసలు పేరే ఇవ్వను," అని బల్ల గుద్దారు రిటైరైన లెక్కల మాస్టారు.

క్లబ్బు సెక్రటరీ తల కూడా ఎత్తలేదు. టెన్నిస్ పోటీలకని గడ్డి కోర్టుకి సున్నం గీతలు వేసి అప్పుడే గదిలోకి వచ్చాడు. మోచేతుల దాకా తెల్లగా ఉన్నాడు.

"ఇవ్వకండి మాస్టారూ. మీ మోకాళ్లకీ మంచిది, మాకూ టైము కలిసొస్తుంది."

బెదిరింపు పారలేదు. మాస్టారికి అది అలవాటే. క్లాసులో కూడా ఆయన బెత్తాన్ని పిల్లలే దాచేసేవారు, కావలసినప్పుడు ఆయనే బతిమాలి తెచ్చుకునేవారు. గొంతు తగ్గించి కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"అది కాదయ్యా. మూడేళ్లుగా మొదటి రౌండ్లో నాకు ఆ పళ్ల డాక్టరే తగులుతున్నాడు. శనివారం పొద్దున్నే కోర్టులోకి దిగడం, కాఫీ చల్లారేలోగా బయటికి రావడం. ఆయన కొట్టిన బంతి ఈ గడ్డి మీద లేవదు, పాకుతుంది. నేను వంగేసరికి అది వెళ్లిపోతుంది. నేను మాత్రం వంగే ఉంటాను."

"అవును, పోయినేడు ఇద్దరం పట్టుకుని లేపాం," అన్నాడు సెక్రటరీ.

"నా మనవరాలు వచ్చేది ఆదివారం. శనివారం దానికి బడి. తాతయ్య ఆడుతుంటే ఒక్కసారి చూడాలని దాని గోల. అది వచ్చేసరికి నేను ఓడిపోయి స్కోరు బోర్డు దగ్గర అంకెలు తిప్పుతుంటాను. మా తాతయ్య టెన్నిస్‌లో అంకెలు తిప్పుతాడని బళ్లో గొప్పగా చెప్పుకుంటోందట." మాస్టారు నవ్వబోయారు గానీ కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఒక్క శనివారం దాటించు చాలు. ఆదివారం ఎవడి చేతిలో చచ్చినా ఫరవాలేదు."

సీడింగంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. బాగా ఆడే ఎనిమిదిమందిని ముందే ఏరి, మొదటి రౌండ్లో ఒకరికొకరు తగలకుండా దూరదూరంగా పెడతారు. మిగిలినవాళ్ల పేర్లు చీటీలై గిన్నెలో పడతాయి. డాక్టరు ఏటా సీడే, మాస్టారు ఏటా చీటీయే. మాస్టారు కూడా సీడైపోతే శనివారం ఇద్దరూ తగిలే ప్రసక్తే లేదు. ఈపాటి లెక్క తేల్చడానికి లెక్కల మాస్టారికి మూడేళ్లు పట్టింది.

సెక్రటరీ కాస్త మెత్తబడ్డాడు. "ఏడాదిలో ఈ గడ్డి కోర్టు మీద ఎవరెన్ని గెలిచారన్నదే మాకు ముఖ్యం మాస్టారూ. బయట ఎన్ని కప్పులు కొట్టినా పట్టించుకోం."

"బయట నన్ను పిలిచేదెవరు? ఏడాది పొడుగునా ఇక్కడే పడుంటాను."

"పడటం నేనూ చూస్తున్నాను." సెక్రటరీ కాసేపు వేళ్లు మడిచి చూశాడు. "అవతలివాళ్లు రాక గెలిచినవి కూడా కలిపితే మీరు తొమ్మిదోవారు. ఎనిమిదో ఆయన ఈ ఏడంతా బయట సిమెంటు కోర్టుల మీదే తిరిగాడు, ఇక్కడ ఆడింది తక్కువ. కమిటీకి నచ్చజెప్పి ఆయన్ని తీసేస్తే మీకు చోటు దొరుకుతుంది. కానీ ఆయన మీకంటే బాగా ఆడతాడండీ."

"నాకంటే బాగా ఆడనివాడు ఈ క్లబ్బులో ఎవడున్నాడయ్యా? తీసెయ్."

"ఆయనెవరో అడగరా?"

"వద్దు, చెప్పకు. పేరు తెలిస్తే రేపు ఆయన మొహం చూడలేను."

ఇంటికెళ్లగానే మాస్టారు మనవరాలికి ఫోన్ చేసి, ఆదివారం ముందు వరసలో కూర్చోమన్నారు. భార్య వింటూనే ఉంది.

"ఆ తెల్లచొక్కా ఏటా ఇస్త్రీ చేసిస్తున్నాను. ఒక్క ఏడైనా చెమట పట్టి వచ్చిందా, చెప్పండి," అంది.

"ఈసారి పిండుకోవాలి చూడు," అన్నారు మాస్టారు. ఎనిమిదో సీడ్‌కి తగ్గ బూట్లు కావాలని అప్పటికప్పుడు బజారుకి బయల్దేరారు.

మర్నాడు సాయంత్రం ఆ బూట్లు కరుస్తుంటే, కుంటుకుంటూ క్లబ్బుకి చేరేసరికి ఏడుగురు సీడ్ల పేర్లు చదవడం అయిపోయింది. "ఎనిమిదో సీడ్, మన లెక్కల మాస్టారు," అని సెక్రటరీ పిలిచాడు. హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. అందరికంటే గట్టిగా మాస్టారే నవ్వేశారు.

"పెద్దవారు, మీతో ఆడబోయేవాళ్ల చీటీ మీరే తియ్యండి," అంటూ సెక్రటరీ గిన్నె ముందుకు జరిపాడు. మాస్టారు ధీమాగా చెయ్యి పెట్టారు. గిన్నెలో ఉన్నదంతా తనలాంటి సరుకే. రాకెట్‌తో తన ముక్కు తనే పగలగొట్టుకున్న టైలరున్నాడు, సర్వీసు చేసేటప్పుడు కళ్లు మూసుకునే ప్లీడరున్నాడు. ఎవరొచ్చినా శనివారం గట్టెక్కినట్టే.

చీటీ విప్పారు. చదివారు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివారు.

వెనక వరసలోంచి పళ్ల డాక్టరు లేచి చెయ్యి ఊపాడు. "మళ్లీ మనమేనా మాస్టారూ? శనివారం పొద్దున్నే కదా. అయ్యాక ఇద్దరం కాఫీ తాగుదాం."

మాస్టారు సెక్రటరీని మోచెయ్యి పట్టుకుని గోడ పక్కకి లాక్కెళ్లారు. "ఇదేం అన్యాయమయ్యా? డాక్టరు ఏటా సీడే కదా, ఆయన చీటీ గిన్నెలోకి ఎలా వచ్చింది?"

సెక్రటరీ ఆయన వైపు జాలిగా చూశాడు.

"నిన్నటిదాకా ఈ ఏడూ సీడే మాస్టారూ. ఎనిమిదో సీడ్."