తడి గచ్చు

మనిషి లేకుండా ఎగిరే ట్యాంకరు వారానికొకసారి వచ్చి ఇంటికి నాలుగు కడవలు పోసి పోతుంది. వచ్చే వానల్లో సొంతంగా నీళ్లు నిలుపుకోలేని ఊళ్లను ఖాళీ చేయిస్తామని సర్కారు నుంచి కబురొచ్చింది. అందుకే మా చేనిలో వాననీళ్లు పట్టే పాత రాతి తొట్టిని నేనూ, మా వదిన సుంకులమ్మా బాగుచేస్తున్నాం. పూడిక తీసి, జారిన రాళ్లను గడ్డపారతో కుదురుచేసి, సందుల్లో సున్నం గచ్చు పెట్టాం. గచ్చు గట్టిపడాలంటే ఇరవై రోజులు తడి ఆరకూడదు. తాగే నీళ్లలోంచే తడుపుతున్నాం.

"మనకు స్నానం లేకపాయె, గోడకు మాత్రం పూటపూటా నీళ్లు పోస్తాండావు మరిదీ," అంది వదిన.

ఐదో రోజు ట్యాంకరు వచ్చి తొట్టి మీద ఒక చుట్టు తిరిగింది. తడి గోడలు చూసి, "ఈ ఊరికి నీళ్లున్నాయి," అని చెప్పి, చుక్క పోయకుండా వెళ్లిపోయింది. వెనకాలే పరిగెత్తి అరిచాం. దానికి గొంతుంది గాని చెవుల్లేవు.

ఇంట్లో ఒక కడవే మిగిలింది. ఆకాశంలో మబ్బు లేదు.

"గచ్చు పోతే పోనీ వదినా. ముందు తాగుదాం," అన్నాను.

వదిన కడవను చంకనెత్తుకుని, ఒక ఖాళీ బిందె చేతపట్టుకుని చేనికి నడిచి తొట్టిలోకి దిగింది.

"ఎండితే పగుల్తాది. అప్పుడు వాన వచ్చినా ఆ నీళ్లు యాడ నిలుపుతావు?"

సగం నీళ్లు తాగడానికి బిందెలోకి వంచింది. మిగతా సగం చెంబుతో గోడకు చల్లసాగింది.

నేనూ ఒక చెంబు తీసుకుని దిగాను.