ఆవుకొండ అసలు పేరు

“నాకు కొండలే కావాల,” అన్నాడు ముత్యాలయ్య మూడోసారి.

వెంకటాచలం దగ్గర బీడు నేలలో దిగిన ఆ చిన్న విమానంలో పైలట్ కాక ముగ్గురికే చోటు. తూర్పున సముద్రం మీదికైనా, పడమట కొండల మీదికైనా ఓ అరగంట తిప్పి తెస్తారు. ఎక్కే ముగ్గురూ ఒక మాట మీద ఉండాలి. ఎండ ముదరక ముందు మిగిలింది ఈ ఒక్క ట్రిప్పే. క్రిస్మస్ సెలవులకు వచ్చిన బడిపంతులు కృపాదానం, ఆయన భార్య ఆనందకుమారి సముద్రమంటున్నారు. వాళ్లది కొండ కింది పల్లె. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి మైపాడులో చేపల వేట చేసే ముత్యాలయ్యేమో కొండలంటున్నాడు. ఎవరింటి ముందు ఉన్నది వాళ్లకు మొహం మొత్తింది, అంతే.

“పదకొండేళ్లుగా తెల్లారి లేస్తే ఆ కొండల మొహమే గదయ్యా మేం చూసేది,” అన్నాడు కృపాదానం. “సెలవుల్లో కూడా వాటినే చూడమంటావా?”

“చూసే దానికి కాదయ్యోరా. ఒక కొండ పేరు కనుక్కోవాల.”

పంతులు నవ్వబోయాడు. ముత్యాలయ్య మొహం చూసి ఆగిపోయాడు.

“కార్తీకంలో గాలికి నా తెప్ప కొట్టుకపోయింది,” అన్నాడు ముత్యాలయ్య. “రెండు దినాలు నీళ్లమీదే ఉండా. ఒడ్డు యాడుండాదో తెలీలా. మూడోనాడు తెల్లారతానే పడమట ఆవుకొండ కనపడింది. ముందు తల, ఎనక మూపురం, అచ్చం పడుకున్న ఆవే. దాన్నే చూసుకుంటా తెడ్డేసుకుంటా వచ్చి ఇల్లు చేరినా. పుట్టబోయే బిడ్డకి నీ పేరే పెట్టుకుంటా తల్లీ అని నీళ్లమీదే మొక్కినా. నేను ఒడ్డెక్కిన దినమే మా ఇంటిదానికి కానుపైంది.”

“మరింకేం, పేరు పెట్టేయొచ్చు గదా,” అంది ఆనందకుమారి.

“ఆవుకొండ అనేది మా తెప్పలోళ్లు పిలుచుకునే పేరమ్మా. ఆడపిల్లని ఎవురన్నా ఆవమ్మా అని పిలస్తారా? దానికి అసలు పేరొకటి ఉంటది గదా. రెండు తూర్లు బస్సెక్కి ఆ కొండల కాడికి పోయి అడిగినా. అట్టాంటి కొండే లేదు పొమ్మన్నారు. నెలన్నరైంది, ఇంకా పేరు పెట్టలా. ఆకాశంలోంచైతే దొరకతాదని మా పాలెమోళ్లంతా తలా ఇంత ఏసుకోని నన్ను పంపించినారు.”

“వాళ్లు చెప్పింది నిజమేనయ్యా. ఆవులాంటి కొండ నేనూ ఎరగను,” అన్నాడు కృపాదానం మెల్లిగా.

ముత్యాలయ్య మొహం వాడిపోయింది. ఆనందకుమారి భర్త వైపు తిరిగింది.

“ఏమండీ, మామయ్యగారు మీకు కృపాదానమని ఎందుకు పెట్టినారు?”

“నలుగురు పోయినాక నేను దక్కినానని. దేవుడికి కృతజ్ఞతగా.”

“మామయ్యగారికి ఎవరి దయో తెలుసు. పాపం, ఈయనకు తెలియలేదు. సముద్రం ఎక్కడికీ పోదు గానీ కొండలకే పదండి.”

పంతులు సరేనని విమానం వైపు నడిచాడు. ఇంట్లో కూడా ఆయన పద్ధతి అదే.

విమానం పైకి లేచింది. కొండలు దగ్గరపడ్డాయి. ఇంజను మోతలో గొంతు పెంచి కృపాదానం ఒక్కో కొండకూ పేరు చెబుతూ పోయాడు. ముత్యాలయ్య అద్దానికి ముక్కు ఆనించి ఒక్కోదానికీ తల అడ్డంగా ఊపుతూ పోయాడు. కొండలన్నీ అయిపోయాయి. ఆవు మాత్రం లేదు. విమానం వెనక్కి మళ్లింది.

“అయితే నేను మొక్కింది లేని కొండకా అయ్యోరా?”

మూడు రోజులు నీళ్లమీద ఏడవని మనిషి విమానంలో కళ్లు తుడుచుకున్నాడు. ఆనందకుమారి అతని భుజం తట్టింది.

అంతవరకూ నోరు విప్పని పైలట్ వెనక్కి తిరిగాడు. “ఆ కొండని మీరు ఎక్కడ నుంచి చూసినారు?”

“నీళ్లమీద నుంచే సామీ.”

“అప్పుడు నీళ్లమీద నుంచే వెతకాల గదా.”

దిగవలసిన బీడు కిందనుంచి జరిగి వెనక్కి పోయింది. అరగంట ఎప్పుడో అయిపోయింది, ఆ మాట పైలట్ ఎత్తలేదు. నెల్లూరు దాటింది, వరి మళ్లు దాటాయి, ఒక్కసారిగా కిందంతా నీలంగా మారిపోయింది. వదులుకున్న సముద్రం తనంతట తానే ఎదురొచ్చేసరికి ఆనందకుమారి చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. పైలట్ బాగా లోపలికి పోయి, విమానాన్ని కిందికి దించి, పడమటికి తిప్పాడు.

“ఇప్పుడు చూడండి.”

పొద్దుటి ఎండలో, ఆకాశం అంచున, ఆవు పడుకుని ఉంది.

“అదే. మా తల్లి అదే,” అన్నాడు ముత్యాలయ్య.

కృపాదానం కళ్లజోడు తీసి తుడుచుకుని, పెట్టుకుని, మళ్లీ చూశాడు. ఆయనకిప్పుడు తెలిసింది. తెలిశాక చెప్పడానికే మనసొప్పలేదు.

“ముత్యాలయ్యా, అది ఒక కొండ కాదయ్యా. ఆ తల మా బడి వెనకుండే అంకమ్మ కొండ. మూపురం దానికి ఎనిమిది మైళ్లవతలుండే చెంగమ్మ కొండ. ఈ నీళ్లమీద నుంచి చూస్తేనే రెండూ ఒకటిగా కనిపిస్తాయి. నిన్ను ఒడ్డు చేర్చింది ఒకరు కాదు, ఇద్దరు. ఇంత దూరం వచ్చి కూడా నీకు మళ్లీ ఎవరి పేరు పెట్టాలనే చిక్కే పడింది గదయ్యా.”

ముత్యాలయ్య ఆ ఇద్దరికీ చేతులు జోడించాడు. తర్వాత పంతులుకు, ఆనందకుమారికి, పైలట్‌కు వరసగా జోడించాడు. ఏడుస్తూనే నవ్వాడు.

“చిక్కు ఇడిపోయిందయ్యోరా. మా ఇంట్లో పుట్టింది కవల ఆడపిల్లలు.”