మండపంలో లెక్కలు

"నీ దగ్గర పిల్లోళ్ళు ఎగిరి ఎగిరి అలిసిపోతారు. నా దగ్గరుంటే మార్కులు తెస్తారు. చూస్తా ఉండు చంద్రా!" అన్నాడు వెంకటపతి దోసె తుంచుతూ.

"చూద్దాంలే బావా. ముందు ఆ చట్నీ చొక్కా మీద పడకుండా తిను," అంది చంద్రావతి.

తిరుత్తణిలో ఒకే బడిలో ఆయన లెక్కల సారు, ఆమె పీటీ మిస్సు. పెళ్ళయి పద్దెనిమిదేళ్ళు. పదో తరగతి పీటీ పీరియడ్ ఎవరిదన్న పోట్లాటకీ పద్దెనిమిదేళ్ళే. క్వార్టర్లీ అయిందంటే చాలు, లెక్కల సారు చాక్‌పీసు పట్టుకుని పీటీ పీరియడ్‌లోకి దూరిపోతాడు. పిల్లల మొహాలు వాడిపోతాయి. ఆ పూట ఇంట్లో రసంలో ఉప్పుండదు.

ఈ ఏడు గొడవ ఇంట్లో ఆగలేదు. బడి కరెస్పాండెంట్ రత్నస్వామి ఇద్దర్నీ తన గదిలోకి పిలిచాడు.

"ఆడితే చదువు చెడతాదని సారంటాడు. ఆడితేనే బుర్ర పనిచేస్తాదని మీరంటారు. ఈ సండ, ఈ కొట్లాట చాలు, తేల్చేస్తాం. హాఫ్ ఇయర్లీ దాకా ఎ సెక్షన్ పీటీ పీరియడ్లు మిస్సుకి, బి సెక్షన్‌వి సారుకి. లెక్కల్లో ఎవురికి ఎక్కువొస్తే వాళ్ళ మాటే. బి గెలిస్తే ఇంక పదో క్లాసుకి ఆటల్లేవు. ఆ గ్రౌండులో స్కూలు బస్సులు నిలుపుకుంటా."

చంద్రావతి ముళ్ళకంప కొట్టించి, రాళ్ళేరించి, తన చేత్తో సున్నం గీతలు గీసుకున్న గ్రౌండు అది. బయటికొస్తూ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. వెంకటపతి చూసి, చూడనట్టు గొడుగు సర్దుకున్నాడు.

మర్నాడే ఆయన "గ్రౌండు గోలలో లెక్క తలకెక్కదు" అంటూ బి సెక్షన్‌ని బడి వెనక ఖాళీగా పడున్న కల్యాణ మండపానికి తోలుకుపోయాడు. తలుపులు వేసేశాడు.

చంద్రావతి వారం రోజులు ఎ సెక్షన్‌తో హాయిగా త్రోబాల్ ఆడించింది. ఎనిమిదో రోజు భయం పట్టుకుంది. మామూలు లెక్కల క్లాసు రెండు సెక్షన్లకీ ఆయనదే. పైపెచ్చు బి సెక్షన్‌కి ఈ పీరియడ్లు కూడానాయె! ఓడిపోతే?

శనివారం రైలెక్కి తిరువళ్ళూరు పోయింది. తిరుత్తణిలో కొంటే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది మరి. పదో తరగతి లెక్కల గైడు కొని తెచ్చి, ఉద్దిపప్పు డబ్బాలో దాచింది.

ఇక ఎ సెక్షన్‌కి పీటీ పీరియడ్ అంటే బంతుల గదిలో చాప మీద త్రికోణమితి. పిల్లలు బంతుల వంక చూస్తూ, ఆవలిస్తూ లెక్కలు చేశారు. సారుకి చెప్పబోమని అందరి చేతా ఒట్టు వేయించుకుంది. ఇంట్లో సైన్, కాస్ అని గొణుక్కుంటూ పోపులో ఆవాలకి బదులు రాగులు వేసింది. వెంకటపతి కిక్కురుమనకుండా తినేశాడు.

ఒకరోజు మండపం పక్కగా పోతుంటే లోపల్నుంచి అరుపులు. "పదకొండు! పన్నెండు! పదమూడు!"

లెక్క చెయ్యడానికే పిల్లలకి ఇంత హుషారా! చంద్రావతి ఎ సెక్షన్‌కి రోజుకి ఇంకో పది లెక్కలు పెంచింది.

సాయంత్రం వెంకటపతి ఇల్లు చేరేసరికి చొక్కా తడిసి ముద్దయి ఉంది. ప్యాంటు నిండా తెల్లటి పొడి.

"ఏం బావా, అంత చాక్‌పీసు యాడిది?"

"బోర్డు పెద్దది," అన్నాడు. "మోకాలికి కొంచెం తైలం రాయి చంద్రా. నిలబడి నిలబడి పట్టేసింది."

రాసింది. శత్రువు మోకాలికి తైలం రాసే ఖర్మ ఏ సేనాపతికీ పట్టి ఉండదు. ఆయన ఏడు దోసెలు లాగించి స్నానానికి పోయాడు. ఆమె ఉద్దిపప్పు డబ్బా మూత తీసింది.

డిసెంబరులో పరీక్షలయ్యాయి. పేపర్లు దిద్దింది పళ్ళిపట్టు నుంచి వచ్చిన వేరే సారు. కాబట్టి అనుమానానికి చోటే లేదు.

ఎ సెక్షన్ సగటు యాభై ఎనిమిది. బి సెక్షన్ డెబ్భై నాలుగు.

బి సెక్షన్ పిల్లలు తమ లీడర్ మోక్షితని భుజాల మీదికెత్తుకుని బడంతా తిప్పారు. రత్నస్వామి సారుకి శాలువా కప్పాడు. వెంకటపతి మాత్రం మార్కుల లిస్టు లాక్కున్నాడు. మార్కులు మళ్ళీ కూడాడు. మూడుసార్లు కూడాడు.

'గెలిచినాక ఈ నటన ఒకటి!' అని పళ్ళు నూరుకుంది చంద్రావతి.

ఇంటికొచ్చి ఆయన దోసె ముట్టలేదు.

"తిను బావా, గెలిచినోడివి."

"ఆకలి లేదు చంద్రా," అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మర్నాడు ఆమె బంతుల గది తాళం అప్పగించడానికి సిద్ధమైంది. ఆఖరిసారి బంతులు లెక్కపెట్టింది. త్రోబాళ్ళు ఆరుండాలి. ఐదే ఉన్నాయి.

అంతలో మోక్షిత రొప్పుతూ పరుగెత్తుకొచ్చింది. చేతిలో అరిగిపోయి నున్నబడిన ఆరో బంతి.

"ఇది నీ దగ్గర యాడిదే?" అంది చంద్రావతి.

"సార్ ఇన్ని దినాలూ మండపంలో మాకు ఒక్క లెక్క కూడా చెప్పకుండా దీంతో త్రోబాలే ఆడించినాడు మిస్, మేము ఓడిపోతే మీ గ్రౌండు నిలుస్తాదని అనుకున్నాడంట!"