పాట చెడగొట్టిన మనిషి

ముందు బెంచీలోంచి ఆడగొంతు లేచేసరికి లోనీ స్టిడమ్‌కి ఒళ్ళు మండిపోయింది.

అమెరికాలోని కెంటకీ కొండల్లో పాటగాడితో జనం గొంతు కలపడం మామూలే. కానీ ఇవాళ పాట నేరుగా రేడియోలో వెళుతోంది. ఎవరూ కిక్కురుమనకూడదని ముందే చెప్పారు.

పైగా అది లోనీకి ప్రాణమైన పాట. మూడేళ్ళప్పుడు అనాథాశ్రమానికి చేరాడు. అమ్మ జోలపాటలో రెండు పాదాలు, పిడికిట్లో ఏదో తాడు. అంతకుమించి ఏమీ గుర్తులేదు. మిగతా పాట తనే రాసుకుని, దొరికిన ప్రతి మైకులోనూ పాడుతున్నాడు. ఎక్కడో అమ్మ వినకపోతుందా అని ఆశ.

"నన్నెందుకు వదిలావమ్మా..." అంటూ మూడో పాదం అందుకున్నాడు.

ఆమె ఇంకేదో పాడింది.

లోనీ గిటారు ఆపేశాడు.

"ఏమ్మా, పాట నీదా, నాదా?"

జనం గొల్లున నవ్వారు. ఆమె లేచి నిలబడింది. నలభై లోపు మనిషి. హోటల్లో వడ్డించే ఏప్రన్ ఇంకా విప్పలేదు.

"ఆ పాదం అలా కాదండీ."

"బాగుంది వరస! రాసినోడికే పాట నేర్పుతోంది!" వెనకనుంచి ఎవరో అన్నారు.

"ఒక్క మాట చెప్పి పోతానండీ..."

"తల్లీ, నీకో దండం! నా కొంప ముంచకు. ఈవిణ్ణి బయటికి పంపండయ్యా."

ఇద్దరు చెరో రెక్కా పట్టుకుని వానలోకి సాగనంపారు. పాట మళ్ళీ మొదలైంది.

కార్యక్రమం అయ్యాక లోనీ రికార్డింగు గదిలోకి వచ్చాడు.

"టేపులో ఆవిడ పాడు చేసిన ముక్క కత్తిరించి పారెయ్యండి."

"ఆగరా," అన్నాడు ఫిడేలు వాయించే ముసలి ఎల్బర్ట్. "నీకు తోబుట్టువులున్నారా?"

"నాకెవరున్నారు బాబాయ్? ఏం?"

"రెండు గొంతులు ఇలా అతుక్కుపోవడం ఒక్క కడుపున పుట్టినవాళ్ళలోనే చూశాను. నువ్వే విను."

టేపు తిరిగింది. రెండు గొంతుల్లో తనది ఏదో లోనీకే తెలియలేదు. అంతలో మూడో పాదం వచ్చింది. ఇందాక కోపంలో చెవికెక్కని మాటలు ఇప్పుడు స్పష్టంగా వినిపించాయి.

"తాడు లాగి లాగి అన్నయ్య అలిసిపోయాడు, ఊయల్లో నిద్రపోవే చిట్టితల్లీ..."

లోనీ పిడికిలి దానంతటదే బిగుసుకుంది.

ఒక్క పరుగున బయటికి వచ్చాడు. వాన కురుస్తూనే ఉంది. రోడ్డు మీద నరపురుగు లేదు.

"ఆవిడెవరో ఎవరికైనా తెలుసా? పేరైనా అడిగారా?" గొంతు చించుకుని అరిచాడు.

సాగనంపినవాళ్ళు తల అడ్డంగా ఊపారు.

లోనీ వానలోనే కూలబడ్డాడు. ఆ జోల అమ్మ పాడింది తనకు కాదు, తను ఊయల ఊపిన చెల్లికి.