ఆరు వేళ్ల చెయ్యి

ఒక గోడను చంపడానికి ఎంత ప్రేమ కావాలి? ఈ ప్రశ్న నాకు నేను చాలాసార్లు వేసుకున్నాను. ద్వేషంతో కూల్చిన గోడల గురించి చరిత్ర చెబుతుంది. ఆప్యాయంగా తడిమి తడిమి అరగదీసిన వాటి గురించి ఎవరూ చెప్పరు.

కొండను తొలిచి చేసిన ఆ గదిలో మూడు గోడలు బోడివి. నాలుగో గోడకు మాత్రం పూర్వులెవరో గార పూసి, నీలి గుర్రాల బారు ఒకటి చిత్రించారు. ఆ గుర్రాల కాళ్ల దగ్గర, గారలో లోతుగా దిగిన చిన్న చేతిముద్ర ఉంది. దానికి ఆరు వేళ్లు.

"మనుషులకు ఐదే వేళ్లు," అంటాడు చుక్కల ప్రొఫెసర్ మైకులో. ఆయన ఏ కాలేజీలోనూ పాఠం చెప్పినవాడు కాడు. ఆ పేరు జనం పెట్టిందే. "ఈ గదిని తొలిచింది మనుషులు కారు. పైనుంచి దిగినవాళ్లు. పొట్టివాళ్లు. పోతూ పోతూ మనకోసం చెయ్యి వదిలి వెళ్లారు."

జనం వరస కట్టారు. ప్రతివాడూ ఆ ముద్రలో తన చెయ్యి ఆనించాలి. చుట్టూ ఉన్న గారను గోటితో కాస్త గీకి పొట్లం కట్టుకోవాలి. నీళ్లలో కలుపుకుని తాగితే రోగాలు పోతాయట. వాళ్ల చెమట, ఊపిరి తగిలి గుర్రాల రంగు పొలుసులు పొలుసులుగా లేచింది.

ఆ గోడకు మరమ్మతులు చూసే ఆమెను అందరూ గార మేడమ్ అంటారు. పగుళ్లలో సున్నం నింపుతూ నింపుతూ ఆ గదిలోనే ఆమె జుట్టు నెరిసింది. ఒకరోజు ఉపన్యాసం మధ్యలో ఆమె ముందుకు వచ్చి అంది, "అది మనిషి చెయ్యే. అంత పాతదీ కాదు."

ప్రొఫెసర్ నవ్వాడు. "అలాగా? అయితే ఆరు వేళ్ల మనిషిని ఒక్కణ్ణి తెచ్చి చూపించండి మేడమ్. ఈ మైకు మీ చేతికిచ్చి ఇంటికి పోతాను."

జనం ఆమె వైపు చూశారు. ఆమె పెదవి మెదపలేదు. ఆ మౌనం ప్రొఫెసర్‌కు వంద ఉపన్యాసాల పెట్టు అయింది.

అంతకన్నా తలవంపు వ్యవహారం ఇంకొకటి ఉంది. ఆమె భర్త గడియారాలు బాగుచేస్తాడు. విప్పి చూడందే దేన్నీ నమ్మని మనిషి. అటువంటివాడు, సెలవు దొరికితే చాలు, పోయి ఆ వరసలో నిలబడతాడు. తన వంతు వచ్చాక ముద్రలో వేళ్లు పెట్టి, వెనకవాళ్లు తోసేదాకా కదలడు.

"లోకానికి బుద్ధి చెప్పే ముందు ఇంట్లో భక్తుణ్ణి చూసుకోండి మేడమ్," అని పై అధికారి చురక వేశాడు.

"ఆయన గీకరు సార్. ఊరికే తాకుతారు," అంది ఆమె.

నిన్న తలుపులు మూసే వేళకు కాపలావాడు రుమాలును రెండు చేతులతో పట్టుకుని వచ్చాడు.

"తల ఊడిందమ్మా."

రుమాల్లో ఒక నీలి గుర్రం తల ముక్కలై ఉంది. ఆమె వాటిని దూది పరిచిన పళ్లెంలో ఒక్కొక్కటిగా పేర్చింది.

కాపలావాడు పోకుండా అక్కడే నిలబడ్డాడు. "నవ్వనంటే ఒక మాట చెబుతానమ్మా. జనం పోయాక ఆ గదిలో ఎవరో ఉన్నట్టే ఉంటుంది. భయం వేయదు. పిలిస్తే పలుకుతారేమో అనిపిస్తుంది."

"పలకరు. నేను పిలిచి చూశాను."

వేళాకోళం అనుకుని వాడే నవ్వాడు.

ఆమె అధికారికి ఫోన్ చేసింది. "ముద్రను పూడ్చేస్తాను సార్."

"గోల చేస్తారు."

"చెయ్యనివ్వండి. అది ఉన్నంతకాలం జనం వస్తారు. జనం వచ్చినంతకాలం గుర్రాలు రాలతాయి. రెండింట్లో ఏదో ఒకటే మిగులుతుంది."

"రేపు ఎవరైనా వచ్చి, అమూల్యమైన ప్రాచీన చిహ్నాన్ని పాడుచేశారంటే?"

"ప్రాచీనం కాదని సంతకం నేను పెడతాను."

"సరే, మీ ఇష్టం. మీ ఇంటాయన మాత్రం మీతో మాట్లాడటం మానేస్తాడు."

ఇంటికి వెళ్లి భర్తకు చెప్పింది. ఆయన కంటికి పెట్టుకున్న భూతద్దం తీయకుండానే విన్నాడు.

"ఇంకెవరి చేతనైనా చేయించకూడదా?"

"ఇంకొకళ్ల చేతుల్లో పెట్టలేను."

"పోనీ, నేను రానా?"

"వద్దు. వస్తే నన్ను చెయ్యనివ్వరు మీరు."

ఆయన విప్పిన గడియారాన్ని మళ్లీ బిగించడం మొదలుపెట్టాడు. చాలాసేపటికి, తల ఎత్తకుండా, "మెల్లిగా చెయ్యి," అన్నాడు.

పొద్దున్నే, జనం రాకముందే, ఆమె గదిలోకి వెళ్లి గడియ పెట్టుకుంది. సున్నమూ ఇసుకా మెత్తగా కలిపింది. గోడ ముందు మోకాళ్ల మీద కూర్చుని, ముద్రలో పేరుకున్న దుమ్మును కుంచెతో తుడిచింది. గుర్రాలు తలలు వంచి చూస్తున్నట్టే ఉన్నాయి. తల ఊడిన గుర్రం కూడా.

అరచెయ్యి పూడింది. బొటనవేలు పూడింది. ఒక్కొక్క వేలూ గోడలో కలిసిపోయింది. చిటికెన వేలి పక్కన, గింజంత వేలు ఒకటి మిగిలింది.

పుట్టిన వారానికే దాన్ని తీసేద్దామని డాక్టరు అంటే, "ఉండనివ్వండి, వాడితోపాటే పెరుగుతుంది" అని కొడుకును ఒళ్లోకి లాక్కున్న ఆ తల్లి, వాడు బతికుండగా ఒకనాడు తాను పూసిన పచ్చి గారలో ఆటకు అద్దిపోయిన ఆ ఆరో వేలిని కూడా పూడ్చి, తాపీతో చదును చేసింది.