అందానికి వేసిన వంకాయలు

వంకాయ తొడిమ తెగిన చప్పుడుకే టైలరు గుండె గుభేలుమంది. ఇంకా సరిగ్గా తెల్లవారలేదు. చిక్కుడు పందిరి చాటున నక్కి, అన్నయ్య ఇంటి కిటికీలవైపు చూశాడు. అలికిడి లేదు. మరో నాలుగు కాయలు సంచిలో వేసుకుని గేటు దాటాడు.

అన్నయ్యదో వింత సరదా. నిరుడు వాకిట్లో నిక్షేపంలాంటి గులాబీలు పీకించి కూరగాయలు వేశాడు. నడిచే దారికి రెండువైపులా ఎర్ర తోటకూర, కుళాయి చుట్టూ గుండ్రంగా క్యాబేజీ, గోడవారగా వంగ మొక్కలు. "ఇవి అందానికండీ, కూరకి కాదు" అని వచ్చినవాళ్ళందరికీ చెబుతాడు. చోద్యం కాకపోతే ఏమిటి?

ఆస్తి పంపకాలప్పుడు మాటామాటా పెరిగి అన్నదమ్ములు ఎడమొహం పెడమొహం అయ్యారు. తర్వాత రెడీమేడ్ బట్టల దెబ్బకి టైలరు కొట్టు మూతపడింది. అయినా మొండిఘటం. అన్న ముందు చెయ్యి చాచడం కన్నా దొంగతనమే నయమనుకున్నాడు.

"మళ్ళీ ఆ స్నేహితుడే ఇచ్చాడా?" సంచి విప్పుతూ అడిగింది భార్య.

"ఊఁ."

"ఎంత మంచివాడో. ఒకసారి భోజనానికి పిలవకూడదూ?"

టైలరు వినబడనట్టు పెరట్లోకి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం వీధి మలుపులో అన్నయ్య గొంతు విని ఆగిపోయాడు. పక్కన ఎదురింటి మాస్టారు.

"రోజూ కాయలు పోతుంటే గేటుకి తాళమైనా వేయరేమండీ?"

"తాళమెందుకు మాస్టారూ? దొంగెవరో నాకు తెలుసు."

టైలరు పని దొంగకు తేలు కుట్టినట్టయింది. కిక్కురుమనకుండా వెనక్కి తిరిగాడు. పట్టుకుని నలుగురిలో నిలబెడితే ఇక ఈ వీధిలో తలెత్తుకోగలడా? మళ్ళీ ఆ గేటు తాకనని ఒట్టు పెట్టుకున్నాడు. మర్నాడంతా ఇంట్లో కూర్చోలేక, బయట నిలవలేక కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. మధ్యాహ్నం కూతురు కంచం ముందు కూర్చుని, "కూరేదీ?" అంది.

ఆ మరుసటి తెల్లవారుజామున ఒట్టు తీసి గట్టున పెట్టాడు.

చిక్కుడుకాయ మీద చెయ్యి వేశాడో లేదో, తలుపు తెరుచుకుంది. బకెట్టుతో వదిన. అతని చేతిలో సంచి జారిపోయింది.

"వదినా, అదీ... నేను..."

ఆమె లోపలికోసారి చూసి, బకెట్టు దించి దగ్గరికొచ్చింది. పరువంతా పోయిందనుకుని టైలరు తల దించుకున్నాడు. ఆమె గొంతు తగ్గించింది.

"ఈసారి ఏ విత్తనాలు వేయాలో నిన్నడగమన్నారు మీ అన్నయ్య."